చిన్నకారు ఇంజను – రెండు తిత్తుల చరిత్రము



కమ్మరి కొలిమికడ తిత్తి యెందుకుండునో మీకు నేను చెప్పనక్కఱలేదు. బొగ్గెంత యున్నను గాలి చాలనిచో ఇనుము ఎఱ్ఱబడదు. వంటయింట పచ్చికట్టె రాజనప్పుడు ఇల్లాలు ఊదుగొట్టము చేతబట్టుటయు నందులకే. మోటారుకారు ఇంజనులో జరుగు పనియు ఇంతకంటె వేఱు కాదు. ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు తూకమున దాదాపు పదునైదు పాళ్ల గాలి కావలెను. పెట్రోలును ఎంతయైనను పోయవచ్చును. గాలిని మాత్రము ఇంజను తన సిలిండరు పట్టినంతయే పీల్చుకొనగలదు. సిలిండరు చిన్నదైన, బలమును చిన్నదియే.

ఆ బలమును పెంచుటకు త్రోవలు మూడే కలవు. సిలిండరును పెద్దది చేయుట ఒకటి. చిన్నదానినే మిక్కిలి వేగముగ త్రిప్పి ఎక్కువ పర్యాయములు ఊపిరి పీల్పించుట రెండవది. చిన్న సిలిండరులోనికే గాలిని ఒత్తిడితో కుక్కి పంపుట మూడవది. ఈ మూడవ త్రోవకు వలయు తిత్తులు రెండు జాతులుగ నున్నవి. ఇంజను ఇరుసునకు బెల్టు తగిలించి త్రిప్పుకొను తిత్తికి సూపర్‌ఛార్జరని పేరు. ఇంజను వదలిన వేడిపొగ పోవుచు పోవుచు త్రిప్పు తిత్తికి టర్బోఛార్జరని పేరు. మొదటిది ఏతము త్రొక్కి నీరు తోడుకొనుట వంటిది. శ్రమ మనదే, నీరు తక్షణమే వచ్చును. రెండవది కాలువలో పాఱిపోవు నీటిచే చక్రమును త్రిప్పించుకొనుట వంటిది. శ్రమ నీటిది, కాని కాలువ నిండుగ పాఱనిదే చక్రము కదలదు.

చిన్నకారునకు ఈ రెంటిలో ఏది తగును? ఈ ప్రశ్నకు జపాను దేశమున రెండు కంపెనీలు, ఒకే చట్టము క్రింద, ఒకే కొలత గల ఇంజనులపై, ఇరువదియేండ్లకు పైగా రెండు వేఱు సమాధానములు చెప్పినవి. ఆ చరిత్రమే నేటి ప్రసంగము.

ముందు తిత్తుల పుట్టుక కొంత వినవలెను. అమెరికాలో ఇండియానా రాష్ట్రమున కానర్స్‌విల్ అను ఊర ఉన్నిబట్టల మిల్లు నడుపుచుండిన రూట్సు సోదరులు 1860వ సంవత్సరమున ఒక గాలియంత్రమునకు పేటెంటు పొందిరి. అందు ఎనిమిది అంకెవలె నడుము సన్నమైన రెండు లోహపు ముద్దలు, ఒకదాని నడుములోనికి వేఱొకటి దూరుచు, తాకీతాకక, ఎదురెదురుగ తిరుగును. ఒక ప్రక్కనుండి గాలిని తీసికొని రెండవ ప్రక్కకు త్రోయుటయే వాని పని. ఇనుము కరగించు కొలుములకును, గనులలోనికి గాలి పంపుటకును దానిని వాడిరి. మోటారుకారు అప్పటికి పుట్టనేలేదు. కొలిమికై పుట్టిన ఆ తిత్తియే కాలక్రమమున కారులోనికి వచ్చినది.

ఇంజనులోనికి గాలిని ముందే ఒత్తి పంపవచ్చునన్న ఊహకు జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లరు 1885లోనే పేటెంటు తీసికొనెను. అది కారులలో అమ్మకమునకు వచ్చుటకు మాత్రము చాలకాలము పట్టినది. 1921లో బెర్లిను మోటారు ప్రదర్శనమున మెర్సిడెస్ వారు సూపర్‌ఛార్జరు గల కారులను చూపిరి. ఆ కాలపు మెర్సిడెస్ కారులలో ఒక విశేషము గమనింపదగినది. డ్రైవరు కాలిక్రింది పెడలును అడుగంటునట్లు త్రొక్కిననే తిత్తి ఇంజనుతో కలియును. కాలు తీసిన విడిపోవును. ఈ తిత్తి ఇంజను సొమ్మునే తిని బలమిచ్చునదని, అనవసరముగ దానిని త్రిప్పరాదని, చేసినవారికి ఆనాడే తెలియును. ఈ మాటను కొంచెము జ్ఞాపకముంచుకొనుడు.

పొగచే తిరుగు తిత్తి స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూకి అను ఇంజనీరు ఊహ. ఆయన 1905లో పేటెంటు పొందెను. మండిన ఇంధనపు వేడిలో సుమారు మూడవవంతు పొగగొట్టమున వెలికి పోవుచున్నది. ఆ పోవుదానిచేత పని చేయింపరాదా యనుట ఆయన ప్రశ్న. సమాధానము మొదట దొరకినది కారులో గాదు, ఓడలో. 1920ల నడుమ జర్మనీలో కట్టిన ప్రాయిసెన్, హన్సెస్టాట్ డాన్‌జిగ్ అను రెండు ప్రయాణికుల ఓడలలో డీజిలు ఇంజనులకు ఈ టర్బోను అమర్పగా, 1750 అశ్వశక్తుల ఇంజను 2500 అశ్వశక్తులు ఇచ్చినది. ఓడ ఇంజను గంటలకొలది ఒకే వేగమున నడచును. కాలువ ఎప్పుడును నిండుగ పాఱుచుండును గనుక చక్రమునకు అడ్డులేదు. నేడు మన యూళ్లకు వచ్చు వరికోత యంత్రములలోను, లారీలలోను, పెద్ద ట్రాక్టరులలోను ఈ టర్బో కుదురుగ నుండుటకు కారణమును ఇంచుమించు ఇదియే.

కారు సంగతి వేఱు. ఆగుచు, కదలుచు, సందులలో తిరుగుచు, కూడలికడ నిలుచుచు పోవునది కారు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వేర్ అను రెండు కారులు టర్బోతో వెలువడినవి. జెట్‌ఫైర్ ఇంజను వేడికి తట్టుకొనుటకై మిథనాలు కలిపిన నీటిని ఒక ప్రత్యేకపు తొట్టిలో పోసికొనుచుండవలెను. కొన్నవారు ఆ నీరు పోయుట మఱచుచుండిరి. కొన్నియేండ్లకే కంపెనీవారు చాలకారులలో టర్బోను ఊడదీసి మామూలు ఏర్పాటును బిగించి యిచ్చిరి. పెట్రోలు పోయుట తప్ప మఱియొక నియమము పాటింపవలసిన కారు ఇంటివాడకమునకు పనికిరాదని అప్పుడే తేలినది.

ఇక జపానునకు పోవుదము. యుద్ధానంతరము ఆ దేశమున ప్రభుత్వమువారు చిన్నకారులకై ఒక తరగతిని ఏర్పఱచిరి. దానికి కేయి కారు, అనగా తేలికబండి, అని పేరు. బండి పొడవు వెడల్పులు, ఇంజను కొలత ఒక హద్దు మీఱరాదు. మీఱనిచో పన్ను తక్కువ. చాలకాలము ఇంజను హద్దు 360 సి.సి., 1976లో 550, 1990లో 660. 1998నుండి పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు మించరాదు. అనగా పదకొండడుగుల పైచిల్లర పొడవు, అయిదడుగులలోపు వెడల్పు. కొండలు, ఇరుకుదారులు గల పల్లెలకు ఇది సరిపోయిన బండి. పల్లెలలో అనేక తావుల బండి నిలుపుటకు స్థలమున్నదని రుజువు చూపవలసిన నిబంధన నుండియు దీనికి మినహాయింపు కలదు. అందుచే కౌలుదారుని యింటను, పోస్టు బంట్రోతు చేతిలోను, పింఛను పుచ్చుకొను ముదుసలి వాకిటను కేయి కారే కానవచ్చును.

చట్టము సిలిండరును పెంచనీయదు. కాబట్టి మొదటి త్రోవ మూసికొనిపోయినది. బలము కావలసినవారు గాలిని కుక్కవలెను, లేదా వేగము పెంచవలెను. 1983లో మిత్సుబిషివారు మినికా అను కేయి కారునకు టర్బో పెట్టిరి. అదే సంవత్సరము తక్కినవారును వెంటబడిరి. 1987 ఫిబ్రవరిలో సుజుకివారు ఆల్టో వర్క్స్ అను బండిని వెలువరించిరి. ఇంజను కొలత 543 సి.సి. మాత్రమే, టర్బోతో అది 64 అశ్వశక్తులిచ్చినది. ఆ కొలత గల మామూలు ఇంజను ముప్పది చిల్లర ఇచ్చుచుండెడిది. ఈ పోటీ ఎచటికి పోవునో యని సంకోచించి, కంపెనీలన్నియు కేయి కారునకు 64 అశ్వశక్తులే హద్దని తమలోతాము ఒడంబడినవి. ఆ ఒడంబడిక నేటికిని చెల్లుచున్నది.

ఇచట మనవారికి తెలిసిన సంగతి యొకటి చెప్పవలెను. ఆ ఆల్టో దేహమే 1986నుండి మన మారుతి 800 దేహము. గుంటూరు వీథులలో, వరంగల్లు బస్టాండు ప్రక్కల, పెండ్లిండ్లకు మామిడాకులు కట్టుకొని తిరిగిన ఆ కారును ఎఱుగనివారు మనలో నుండరు. మనదేశమున 550 సి.సి. హద్దు లేదు గనుక దానికి 796 సి.సి. ఇంజను పెట్టి ఊరకొనిరి. తిత్తి అక్కఱ కలుగలేదు. ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినను, మొదటి త్రోవ తెఱచియుండగా మూడవ త్రోవ నెవరు త్రొక్కుదురు?

ఇప్పుడు చిన్న ఇంజనులో టర్బోకు గల చిక్కు చెప్పెదను. ఆ 543 సి.సి. ఇంజను నిమిషమునకు 7500 చుట్లు తిరుగునప్పుడు, తిత్తి లేకయే, సుమారు 2000 లీటర్ల గాలిని పీల్చి పొగగ వదలును. నిమిషమునకు 1500 చుట్లే తిరుగునప్పుడు 400 లీటర్లకంటె వదలజాలదు. అనగా బండి నిలిచినచోటునుండి కదలునప్పుడు, మలుపు తిరిగి ఎగువ నెక్కునప్పుడు, అనగా బలము మిక్కిలి కావలసిన వేళనే, పొగ మిక్కిలి కొంచెము. పెద్ద ఇంజనులో ఆ కొంచెమును కొంత చాలును. చిన్న ఇంజనులో చాలదు. డ్రైవరు పెడలు త్రొక్కును. ఒకటి రెండు క్షణములు ఏమియు జరుగదు. పిదప చక్రము వేగమందుకొని బండి ఒక్కసారిగ ముందునకు దూకును. పందెగానికి అది వినోదమే. కూరగాయల బుట్టలతో బురదదారి నెక్కువానికి వినోదము కాదు.

ఈ బాధను సుబారు వారు చక్కగ నెఱిగిరి. వారు 1983 డిసెంబరులో తమ రెక్స్ అను కేయి కారునకు అందఱివలెనే టర్బో పెట్టినవారే. 1988లో దానిని కాదని సూపర్‌ఛార్జరును ఎన్నుకొనిరి. ఊరందఱు ఒక దారి పోవుచుండగా ఒక కంపెనీ తాను నడచిన దారినుండి వెనుకకు మఱలుట తఱచుగ జరుగు పని కాదు. మఱుసటి యేడు ఆ బండికి నాలుగు సిలిండరుల ఇంజను తెచ్చిరి. 547 సి.సి.లో నాలుగు సిలిండరులనగా ఒక్కొక్కటి చిన్న కాఫీ గ్లాసు పట్టు పాటిది. ఆ ఇంజను నునుపుగ నడచును గాని అడుగువేగమున బలము తక్కువ. రూట్సు సోదరుల పద్ధతి తిత్తిని బెల్టుతో త్రిప్పగా ఆ కొఱత తీరినది. ఇంజను తిరిగిన మొదటి చుట్టునుండియే తిత్తియు తిరుగుచుండును గదా!

ఈ ఎన్నిక గుణము సాంబర్ అను వారి చిన్నలారీలో బాగుగ తెలియును. పేరు విని మన పులుసు జ్ఞాపకము వచ్చినను దానికి దీనికి సంబంధము లేదు. 1961లో మొదలైన ఈ బండిలో ఇంజను వెనుకచక్రముల వెనుక, సరకు పలకల క్రింద నుండును. 1990నుండి దీనికిని సూపర్‌ఛార్జరుతో దొరకు రకముండెడిది. కేయి లారీపై చట్టము ప్రకారము 350 కిలోల సరకే ఎక్కింపవలెను. జపానులో వడ్లు దంచని ముడిబియ్యము 30 కిలోల సంచులలో వచ్చును. అనగా పదునొకండు సంచులు. కొండవాలున మెట్లవలె కట్టిన మళ్లనుండి ఆ పదునొకండు సంచులతో, ఒక మనుష్యుని బరువుతో, 660 సి.సి. ఇంజను నిలిచినచోటునుండి ఎగువకు కదలవలెను. ఇంజను వెనుకనుండుటచే వెనుకచక్రములు నేలను పట్టుకొనును. తిత్తి బెల్టుపై నుండుటచే కదలిన క్షణముననే బలము దొరకును. ఆ దేశపు వ్యవసాయ సహకారసంఘములు తమ సభ్యులకు ప్రత్యేకముగ సాంబర్‌ను అమ్ముచుండెడివి. అకబో అను సరకుచేరవేత సంఘమువారును సాంబర్‌నే వాడుచుండిరి. అకబో యనగా ఎఱ్ఱటోపి. రైలుస్టేషనులలో మూటలు మోయు కూలీలకు పూర్వము అక్కడ ఆ పేరు.

1992లో సుబారు వారు వివియో అను కారును తెచ్చిరి. అందు వేగమైన రకము 658 సి.సి., సూపర్‌ఛార్జరు, 64 అశ్వశక్తులు. ఆ గ్లాసు సిలిండరుల బండిని 1993లో కెన్యాదేశపు సఫారీ ర్యాలీకి పంపిరి. దుమ్ము, రాళ్లు, వాగులు, వేలకొలది కిలోమీటర్లు. తోడిబండ్లు దానికి మూడు రెట్లు పెద్ద ఇంజనులు గలవి. స్కాట్లాండు వీరుడగు కాలిన్ మెక్‌రే దానిని మిక్కిలి వేగముగ నడపి, బండి చెడి విరమింపవలసి వచ్చెను. కెన్యా దేశస్థుడగు పాట్రిక్ న్జిరు మాత్రము నిలకడగ నడపి మొత్తముమీద పండ్రెండవవాడుగ గమ్యము చేర్చెను. గెలుపు అనదగునో కాదో గాని, బెల్టుతిత్తి గట్టిదనమునకు అంతకంటె సాక్ష్యమక్కఱలేదు.

హోండావారు రెండవ త్రోవ త్రొక్కిరని యిచటనే చెప్పి ముగించెదను. 1991లో వారు తెచ్చిన బీట్ అను బండికి ఏ తిత్తియు లేదు. నిమిషమునకు 8100 చుట్లు త్రిప్పి ఆ 64 అశ్వశక్తులనే రాబట్టిరి. వింతయే గాని, అంత వేగమున త్రిప్పిననే ఆ బలము. నెమ్మదిగ నడపువానికి దొరకదు.

మఱి సూపర్‌ఛార్జరు ఇంత మేలైనదైనచో నేడు చిన్నకారులలో అదియేల కానరాదు? కారణము మెర్సిడెస్ వారికి 1921లో తెలిసినదే. బెల్టు ఇంజనునుండి ఎల్లప్పుడును తన వాటా తీసికొనుచుండును. దిగువకు జాఱునప్పుడును, చదునుబాటపై తిన్నగ పోవునప్పుడును, బలము అక్కఱలేకున్నను, తిత్తిని ఈడ్చుచుండవలెను. చిన్న ఇంజనులో ఆ వాటా మొత్తమునుబట్టి చూడ పెద్దది. ఫలము పెట్రోలు లెక్కలో తేలును. పెట్రోలు ధర, పొగనిబంధనలు ఏటేట బిగిసినకొలది ఆ లెక్క బరువెక్కినది.

అదే కాలమున టర్బోకు గల చిక్కు తగ్గుచు వచ్చినది. చక్రమును చిన్నదిగ, తేలికగ చేయనేర్చిరి. తేలికచక్రము కొంచెము పొగకే కదలును. ఒత్తిడి మితిమీఱకుండ పొగను ప్రక్కకు మళ్లించు తూము, ఒత్తుటచే వేడెక్కిన గాలిని చల్లార్చు జల్లెడవంటి పెట్టె, పెట్రోలును క్షణక్షణము కొలిచి వదలు కంప్యూటరు ఒకదానికొకటి తోడైనవి. గాలిని ఒత్తిన వేడెక్కును. వేడెక్కిన పెట్రోలుగాలి వేళగాని వేళ తానే అంటుకొని పిస్టనును సుత్తితో కొట్టినట్లు కొట్టును. ఈ కష్టము రెండు తిత్తులకును ఉమ్మడియే.

టర్బోకు పొగ యూరక దొరకినదనుట మాత్రము పూర్తిగ నిజము కాదు. చక్రము అడ్డుపడుటచే పొగ వెలికి పోవుటకు ఇంజను కొంత త్రోయవలెను. ఖర్చు తక్కువ, లేకపోలేదు. మఱియు ఆ చక్రము నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగును. దానికి తగులు పొగ పెట్రోలు ఇంజనులో 900 డిగ్రీల దాక వేడి. దాని ఇరుసునకు ఆధారము పలుచని నూనెపొర యొక్కటే. నూనె మార్చు గడువు దాటించువాడు, ఘాటెక్కి వచ్చి వెంటనే తాళముచెవి త్రిప్పి ఇంజను నార్పువాడు ఆ పొరను తానే చెఱుపుకొనుచున్నాడు. ఒక నిమిషము నెమ్మదిగ తిరుగనిచ్చి ఆర్పిన చాలును. ట్రాక్టరునకును ఇది వర్తించును. సూపర్‌ఛార్జరునకు ఈ వేడిబాధ యింత లేదు. బెల్టును కనిపెట్టియుండిన చాలును.

రెంటిని కలిపినవారును లేకపోలేదు. 1989లో నిస్సానువారు మార్చ్ సూపర్ టర్బో అను 930 సి.సి. బండికి రెండు తిత్తులను అమర్చి 110 అశ్వశక్తులు రాబట్టిరి. అడుగువేగమున బెల్టు, పైవేగమున పొగ. 2005లో ఫోక్స్‌వాగన్‌వారు 1390 సి.సి. ఇంజనునకు అదే యేర్పాటుచేసి 170 అశ్వశక్తులిచ్చిరి. అందు పనిలేనప్పుడు బెల్టుతిత్తిని విడదీయు క్లచ్చియు కలదు. పని చక్కగ జరిగినది. కాని ఒక రోగికి ఇద్దఱు వైద్యుల ఖర్చు. తరువాతి ఇంజనులలో వారు టర్బోతోనే సరిపెట్టుకొనిరి.

మనదేశమున 2006 బడ్జెటులో ఇట్టిదే ఒక హద్దు వచ్చినది. నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలు ఇంజనైన 1200 సి.సి., డీజిలైన 1500 సి.సి. మించని కొలత గల కారులకు ఎక్సైజు సుంకము నూటికి 24నుండి 16కు తగ్గించిరి. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడును ఆ హద్దు నిలిచినది. చట్టము సిలిండరును బిగించినచోట మూడవ త్రోవ తెఱచుకొనునని జపాను చరిత్రము చెప్పినదే మన యెడలను జరిగినది. 2013లో పోలో 1197 సి.సి., 2017లో బెలెనో 998 సి.సి., అదే యేడు నెక్సాన్ 1.2 లీటర్ల పెట్రోలు ఇంజనులతో వచ్చినవి, మూడును టర్బోలే. బెల్టు తిత్తిని 2011లో నిస్సానువారు ఐరోపాలో మైక్రా కారునకు, 1198 సి.సి. ఇంజనుపై, అక్కఱలేనప్పుడు విడిపోవు క్లచ్చితో, మఱల ప్రయత్నించిరి. మైక్రా కారులు మన చెన్నపట్నము చెంతనున్న ఒరగడమునుండి ఐరోపాకు ఓడలెక్కుచుండిన కాలమది. దాని పెట్రోలు లెక్క మంచిదే. కాని పిదపవచ్చిన మైక్రాలో బెల్టు లేదు, టర్బో యున్నది.

సుబారు వారు తప్పుచేసిరని నేననను. ఎగువబాటలో పదునొకండు సంచుల బియ్యమునకు వారి ఎన్నికయే సరియైనది. అయితే కొనువారిలో అధికులు సంచులు మోయువారు కారు. వారు లీటరునకు ఎన్ని కిలోమీటర్లని అడుగువారు. చిన్న కంపెనీ తన కొఱకే ఒక ప్రత్యేకపు నాలుగు సిలిండరుల ఇంజనును పోషించుకొనుటయు భారమైనది. 2012 ఫిబ్రవరిలో సాంబర్ ఆఖరి బండి వెలువడుటతో, 1958లో సుబారు 360తో మొదలైన వారి సొంత కేయి బండ్ల తయారీ ముగిసినది. అటుపిమ్మట సుబారు పేరుతో అమ్ముడగు కేయి బండ్లు డైహట్సువారు చేసియిచ్చునవి. వానిలో స్టెల్లా యను కారునకు బలము ఎక్కువ కావలెనని కోరినవారికి వారు ఇచ్చినది టర్బో.